షాపు ఫోన్ మిషన్ ఎత్తాలా, మనిషి ఎత్తాలా?

తెల్లవారుజామున మూడింటికి మా షాపు ఫోన్ మోగిందంటే ఎవరా అని చూడక్కర్లేదు, రొయ్యల గుంట మీద నుంచి రైతే. నెల్లూరులో నాది ఏరేటర్ల (గుంట నీళ్ళని చిలికి ఆక్సిజన్ ఎక్కించే మిషన్లు) స్పేర్ పార్టులు అమ్మి, మోటార్లు రిపేరు చేసే షాపు. రొయ్యల గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారే ముందే, ఎందుకంటే పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని వాడేసుకుంటుంది. సరిగ్గా ఆ టైంలో మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజ్ పోయి మోటార్ కాలిపోతే ఆ రైతు టెన్షన్ ఎట్లా ఉంటుందో గుంట వేసినవాళ్ళకే తెలుసు. అలాంటి ఫోన్‌ని నేను ఒకప్పుడు తీసుకుపోయి మిషన్‌కి అప్పజెప్పా. "సేల్స్ కొరకు ఒకటి నొక్కండి, సర్వీస్ కొరకు రెండు నొక్కండి" అని ఒక అమ్మాయి గొంతు, దాని ముందు పాట, దాని ముందు మా షాపు గొప్పలు. ఇందుకూరుపేట వైపు రైతు ఒకాయన మూడుసార్లు చేసి, మూడుసార్లూ ఆ పాట విని, పెట్టేసి వేరే షాపుకి పోయాడు. తర్వాత కనపడినప్పుడు ఆయన అన్నమాట: "ఏందబ్బయ్యా, నీకు ఫోన్ జేస్తే ఎవురో ఆడపిల్ల నన్ను నొక్కమంటది, నా చేతులు యాడుండాయి, బురదలో ఉండాయి."

అట్లాగని మిషన్ పనికిరాదని చెప్పబోవట్లేదు. అంతకుముందు అన్ని ఫోన్లూ నేనే ఎత్తేవాణ్ణి, అందులో సగం పైన "షాపు తీశారా?" "ఆదివారం ఉంటారా?" "మీ షాపు కరెక్టుగా ఎక్కడ?" ఇవే. రోజూ అదే జవాబు చెప్పిచెప్పి మధ్యాహ్నానికి నా గొంతులో విసుగు వచ్చేసేది, ఆ విసుగు పాపం నిజంగా పని ఉండి చేసినవాడి మీద పడేది. కాబట్టి నా లెక్క ఒకటే: ఫోన్ ఎవరు ఎత్తాలో మన ఖర్చుని బట్టి కాదు, అవతల ఫోన్ పట్టుకున్నవాడు ఏ పరిస్థితిలో చేస్తున్నాడో దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఖర్చు లెక్క ఆ తర్వాత వేసుకోవచ్చు. నేను తలకిందులుగా చేశా కాబట్టే చెప్తున్నా.

ముందు ఒక వారం నోటుబుక్కు

ఫోన్ ఎత్తే మిషన్లు అమ్మే ఏ కంపెనీకీ ఇప్పుడే ఫోన్ చేయకండి. చేస్తే వాళ్ళ మనిషి రోజుకి రెండుసార్లు మీకు ఫోన్ చేస్తూనే ఉంటాడు, మీరు ఆలోచించే లోపు సంతకం పెట్టించుకుంటాడు. ఒక గీతల నోటుబుక్కు కొని ఫోన్ పక్కన పెట్టండి. వచ్చిన ప్రతి కాల్‌కి టైం, పాత పార్టీయా కొత్తదా, ఎందుకు చేశారు, ఎంతసేపు మాట్లాడారు, పని అయిందా లేదా, ఇంతే రాయండి. బద్ధకం వేస్తుంది, రెండో రోజే మానేద్దాం అనిపిస్తుంది, ఒక్క వారం ఓర్చుకోండి. వారంలో సంత రోజో, మీ వ్యాపారానికి బిజీగా ఉండే రోజో తప్పకుండా ఉండేట్టు చూసుకోండి.

మిస్డ్ కాల్స్ అసలు సంగతి. రాత్రి షాపు కట్టేసేటప్పుడు కాల్ లిస్టు తీసి మిస్ అయినవన్నీ ఎక్కించండి. మన దగ్గర ఒక్క రింగుతో ఆగిపోయే కాల్ వేరు, అది "నువ్వే చెయ్యి" అని అర్థం, అవి మీకు తెలిసినవాళ్ళవే అయి ఉంటాయి. నాలుగైదు రింగులు మోగి ఆగిపోయినవి వేరు. వాటికి మర్నాడు పొద్దున్నే తిరిగి చేసి "నిన్న ఫోన్ చేశారు, ఏం కావాలన్నా?" అని అడగండి. కొంతమంది "ఏం లేదులే, పనైపోయింది" అంటారు. ఆ మాట ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు నోటుబుక్కులో గీత గీయండి. ఎవరికి డబ్బు కట్టాలా వద్దా అనేదానికి ఆ గీతలే ఆధారం, కంపెనీ వాడు చూపించే రంగురంగుల బొమ్మలు కాదు.

వారం అయ్యాక కాల్స్‌ని మూడు కుప్పలు పోయండి. మొదటిది, ఎవరడిగినా ఒకే జవాబు ఉండేవి: టైమింగులు, అడ్రసు, సెలవు, ఈ రోజు రేటు. రెండోది, అడిగే మనిషిని బట్టి జవాబు మారేవి: బేరం, అప్పు, పాత బాకీ, పెద్ద ఆర్డరు, "మొన్న ఇచ్చిన రేటుకే ఇవ్వు" అనేవి. మూడోది, భయంతోనో కోపంతోనో నష్టం జరుగుతుంటే తొందరలోనో చేసేవి. మొదటి కుప్ప మిషన్‌కి ఇచ్చేయండి, మనసులో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. మూడో కుప్ప మనిషికే, అదీ రెండు మూడు రింగుల్లో ఎత్తే మనిషికి. తగువంతా రెండో కుప్ప దగ్గరే, దాన్ని ఎత్తేవాడికి ఎంత అధికారం ఇస్తారు అన్నదాని మీద ఉంటుంది, అది తర్వాత చెప్తా.

ఏ కుప్ప పెద్దది అనేది వ్యాపారాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కమిషన్ వ్యాపారికి పొద్దున వచ్చే ఫోన్లు దాదాపు ఒకటే ప్రశ్న, ఈరోజు బస్తా ఎంత పోయింది అని. దానికి రికార్డింగ్ పెట్టుకోవచ్చు, కాకపోతే రోజూ అదే టైంకి మార్చే ఓపిక ఉండాలి, నిన్నటి రేటు ఇవాళ వినిపించారంటే తోటలో కాయ కోయించినవాడు మీ మీదికి వస్తాడు, అంతకంటే ఏ రికార్డింగూ లేకపోవడమే మేలు. నెల్లూరులో లాడ్జి వాళ్ళకైతే ఏడాదంతా ఒక లెక్క, మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా రొట్టెల పండగ రోజుల్లో ఇంకో లెక్క. ఆ నాలుగైదు రోజులు ఎన్ని ఫోన్లు వచ్చినా చెప్పేది "రూములు లేవు" అనే, దానికి మనిషిని కూర్చోబెట్టి గొంతు అరగదీయడం ఎందుకు? ఆ రోజులకి మాత్రం రికార్డింగ్ పెట్టి, పండగ కాగానే తీసేయాలి. తీసేయడం మర్చిపోయిన లాడ్జి ఒకటి నాకు తెలుసు, పండగ అయిన పది రోజులకి కూడా "రూములు లేవు" అని చెప్తూనే ఉంది, లోపల ఖాళీ రూముల్లో ఫ్యాన్లు కూడా తిరగట్లేదు.

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రో, ఒంగోలులో స్కానింగ్ సెంటరో అయితే ఇంకా జాగ్రత్త. "డాక్టరు గారు ఇవాళ ఉన్నారా, టోకెన్ ఎన్నింటికి ఇస్తారు" అనేది మిషన్ చెప్పొచ్చు. "రిపోర్టు వచ్చిందా" అనేదాన్ని మాత్రం మొదటి కుప్పలో వేయకండి. పైకి టైమింగు ప్రశ్నలానే కనపడుతుంది, అడిగేవాడి గుండె దడదడలాడుతుంటుంది. చీమకుర్తి గ్రానైట్ వాళ్ళకి వేరే బాధ, కొనేవాళ్ళు బయటి రాష్ట్రాల నుంచి హిందీలోనో ఇంగ్లీషులోనో చేస్తారు, పైగా బ్లాకు ఫోటో చూడకుండా, మాట్లాడకుండా ఎవరూ కొనరు. అక్కడ మిషన్ చేయగలిగింది ఒక్కటే, భాష అడిగి ఆ భాష వచ్చిన మనిషికి కలపడం.

రెండు ఫోన్లు ఒకేసారి వస్తే?

చాలామంది "రోజుకి 60 కాల్సే కదా, ఒక మనిషి చాలడా" అంటారు. కాల్‌కి మూడు నిమిషాలు అనుకుంటే మూడు గంటల పనే, నిజమే. కానీ ఫోన్లు వరసలో నిలబడి రావు. ఆ 60లో 30 కాల్స్ పొద్దున 8 నుంచి 10 మధ్యలోనే వచ్చాయనుకోండి. 120 నిమిషాల్లో 90 నిమిషాల మాట. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అని కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన లెక్కల మనిషి 1917లోనే దీనికి ఫార్ములా ఇచ్చాడు, ఇప్పటికీ కాల్ సెంటర్ల లెక్క దాని మీదే మొదలవుతుంది. దాని ప్రకారం ఒకే ఫోన్, ఒకే మనిషి ఉంటే ఆ రెండు గంటల్లో వచ్చే ప్రతి పది కాల్స్‌లో నాలుగు పైనే బిజీ టోన్ వింటాయి. ఇంకో మనిషి కూడా ఎత్తేట్టు పెడితే పదిలో ఒకటి, ఒకటిన్నరకి దిగుతుంది. రెండో మనిషి రోజంతా అక్కర్లేదు, ఆ రెండు గంటలు చాలు. మీ ఇంట్లోవాళ్ళో, స్టోరు చూసుకునే అబ్బాయో ఆ టైంకి రెండో ఫోన్ పట్టుకుంటే మీ సమస్య మిషన్ లేకుండానే సగం తీరిపోయినట్టే. నోటుబుక్కులో టైం రాయమన్నది ఇందుకే.

డబ్బు పెట్టే ముందు ఫ్రీగా అయ్యేవి

మొదట వాట్సాప్ బిజినెస్ యాప్. షాపు నంబరుకి అది పెట్టి, టైమింగులు, లొకేషన్, సామాన్ల ఫోటోలు కేటలాగ్‌లో ఎక్కించి, షాపు మూసిన టైంలో దానంతటదే వెళ్ళే మెసేజ్ ఒకటి రాసిపెట్టండి. మళ్ళీమళ్ళీ అడిగేవాటికి క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకున్న జవాబులు, పెట్టుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. మా షాపులో మొదటి కుప్పలో చాలా భాగం దీనితోనే తగ్గింది, ముఖ్యంగా "గేర్‌బాక్స్ ఫోటో పెట్టన్నా" అనేవాళ్ళంతా అటు పోయారు. గూగుల్ మ్యాప్‌లో షాపు టైమింగులు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి, మాది రెండేళ్ళు ఆదివారం సెలవు అని చూపించింది, మేము తీసే ఉండేవాళ్ళం.

రెండోది కాల్ ఫార్వర్డింగ్. మీరు బిజీగా ఉంటేనో, ఎత్తకపోతేనో కాల్ ఇంకో నంబరుకి పోయేట్టు ఫోన్ సెట్టింగుల్లోనే పెట్టుకోవచ్చు. ఇదివరకు స్టార్, హాష్ కొట్టే కోడ్లతో పెట్టేవాళ్ళం, కానీ *401* కొట్టించి జనాల ఫోన్లు మోసగాళ్ళ నంబర్లకి మళ్ళించడం ఎక్కువైపోయి 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ కోడ్లతో ఫార్వర్డింగ్ ఆపేయమని టెలికాం శాఖ ఆదేశం ఇచ్చింది. కాబట్టి సెట్టింగుల్లో పెట్టుకోండి, కాకపోతే కస్టమర్ కేర్ ద్వారా అడగండి, ఎవరో ఫోన్ చేసి "ఈ కోడ్ కొట్టండి సార్, మీ లైను ఫాస్ట్ అవుద్ది" అంటే మాత్రం కొట్టొద్దు.

ఈ రెండూ పెట్టి ఇంకో వారం రాయండి. "పనైపోయిందిలే" గీతలు బాగా తగ్గిపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు, ఇంకేం కొననక్కర్లేదు. చిన్న షాపుల్లో చాలావాటికి ఇది సరిపోతుందని నా అభిప్రాయం.

నొక్కుడు మిషన్ పెడితే ఎలా పెట్టాలి

ఒకటి నొక్కండి రెండు నొక్కండి అనేదాన్ని ఐవీఆర్ అంటారు. మీరు నంబరు నొక్కినప్పుడు వచ్చే కూత రెండు స్వరాలు కలిసినది, దాన్ని బట్టి అవతల మిషన్‌కి ఏ అంకె నొక్కారో తెలుస్తుంది, 1963లో అమెరికాలో వచ్చిన టెక్నిక్ అది. పాతదే గానీ నమ్మకమైనది: మాట అర్థం కావాల్సిన పని లేదు కాబట్టి యాస గొడవ లేదు, గుంట దగ్గర ఏరేటర్ల హోరు ఉన్నా అంకె అంకెలానే వినపడుతుంది. ఇప్పుడు ఇదంతా క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద వాళ్ళ కంప్యూటర్లలోనే నడిపి, నెలవారీ అద్దెకి ఇస్తున్నారు, షాపులో ఏ పెట్టె బిగించనక్కర్లేదు.

పెట్టేటప్పుడు మొదటి విషయం, షాపు బోర్డు మీదా, ఆటోల వెనకా, క్యాలెండర్ల మీదా పడిన పాత నంబరుని ఏ పరిస్థితిలోనూ వదలొద్దు. కంపెనీ వాళ్ళు కొత్త నంబరు కొనిపించాలనే చూస్తారు. పాత నంబరుకి వచ్చిన కాల్ కొత్తదానికి మళ్ళేట్టు చేయించుకోండి. 1800 టోల్ ఫ్రీ అయితే చేసేవాడికి ఫ్రీ, నిమిషానికి డబ్బు కట్టేది మీరు. ఇప్పుడు ఎక్కువమంది ప్లాన్లలో కాల్స్ ఎలాగూ ఫ్రీనే కాబట్టి నెల్లూరులో షాపుకి 1800 ఎందుకో నాకు అర్థం కాదు, గొప్పగా కనపడుతుంది అంటే మీ ఇష్టం.

రెండోది గొంతు. కంపెనీ వాళ్ళు ఇచ్చే రెడీమేడ్ గొంతు "ప్రియమైన వినియోగదారుడా" అంటుంది. మన ఊళ్ళో ఎవరు ఎవరిని అట్లా పిలిచారు? మీ గొంతుతోనే, మీరు కౌంటర్లో ఎట్లా మాట్లాడతారో అట్లాగే ఒక ప్రశాంతమైన గదిలో ఫోన్‌లో రికార్డ్ చేసి ఇవ్వండి. రాత్రి మాది ఇప్పుడు ఇట్లా ఉంటుంది: "నమస్తే అన్నా, మోటార్ ఆగిపోయి అర్జెంటుగా మెకానిక్ కావాలంటే ఒకటి నొక్కండి, పొద్దున చేస్తే చాలంటే రెండు నొక్కండి, లేకపోతే లైన్లోనే ఉండండి, మనిషి ఎత్తుతాడు." అంతే. పది సెకన్లు. ముందు పని చెప్పి తర్వాత అంకె చెప్పాలి. "ఒకటి నొక్కండి, మెకానిక్ కోసం" అని చెప్తే వినేవాడు పని పేరు వచ్చేసరికి అంకె మర్చిపోతాడు. మూడు కంటే ఎక్కువ దారులు పెట్టొద్దు, దారి లోపల ఇంకో దారి అసలే వద్దు.

మూడోది, ఏమీ నొక్కనివాడి గురించి ఆలోచించండి. చేతులు తడిగా ఉంటాయి, బండి మీద ఉంటాడు, పెద్దాయన అయితే టచ్ ఫోన్‌ని చెవి దగ్గర పెట్టగానే స్క్రీన్ ఆరిపోయి అంకెలు ఎక్కడున్నాయో వెతుక్కుంటాడు. చాలా మిషన్లలో ఏమీ నొక్కకపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పి, అప్పటికీ నొక్కకపోతే కట్ చేసేట్టు పెట్టి ఉంటారు. నాకు రైతు పోయింది ఇక్కడే. ఏమీ నొక్కకపోతే మనిషికి కలిపేట్టు పెట్టించండి, ఇది ఒప్పుకోని కంపెనీతో ఒప్పందం చేసుకోవద్దు. మళ్ళించిన కాల్ మీ ఫోన్‌కి వచ్చినప్పుడు చేసినవాడి నంబరు కనపడుతుందా, వాళ్ళ క్లౌడ్ నంబరు కనపడుతుందా అనేది కూడా అడగండి. పాత పార్టీ పేరు చూసి "చెప్పన్నా, పోయిన వారం బిగించిన మోటారేనా?" అని ఎత్తడానికీ, ఎవరో తెలియక "హలో ఎవరు" అని ఎత్తడానికీ చాలా తేడా ఉంది.

మాట్లాడే మిషన్ సంగతి

ఇప్పుడు అందరూ అమ్ముతున్నది ఏఐ వాయిస్ బాట్. నొక్కనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడుతుంది, ఒకేసారి ఎన్ని కాల్స్ వచ్చినా ఎత్తుతుంది, విసుక్కోదు. డెమోలో అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే డెమో ఇచ్చేవాడు ఏసీ గదిలో కూర్చుని పుస్తకం తెలుగు మాట్లాడతాడు. మీరు పరీక్ష పెట్టాల్సింది అక్కడ కాదు. వారం రోజులు ట్రయల్ అడగండి, మీ పాత పార్టీల్లో ఒక పదిమందితో ఫోన్ చేయించండి. ఒకరు ఏరేటర్లు తిరిగే గట్టు మీద నుంచి, ఒకరు బండి మీద నుంచి, ఒకరు మీ ఇంట్లో అమ్మమ్మ, ఒకరు సగం తమిళం కలిపి మాట్లాడే తడ వైపు ఆయన, ఇట్లా. మామూలు ఫోన్ లైన్ దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాన్నే మోస్తుంది, స, శ, ఫ లాంటి అక్షరాల్లో ఉండే సన్నటి శబ్దం చాలావరకు దానిపైన ఉంటుంది కాబట్టి మనిషికే ఒక్కోసారి తప్పు వినపడతాయి. మనిషి సందర్భాన్ని బట్టి సరిచేసుకుంటాడు, "మళ్ళీ చెప్పన్నా" అంటాడు. బాట్ తప్పు విన్నదాన్నే ధైర్యంగా ముందుకు తీసుకుపోతుంది.

ఊరి పేర్లు తప్పకుండా చూడండి. మన కోవూరు, గోదావరి పక్కన కొవ్వూరు దానికి ఒకటే కావచ్చు. గూడూరు, తోటపల్లిగూడూరు రెండూ మన వైపు పేర్లే, మెకానిక్‌ని ఒకదాని బదులు ఇంకోదానికి పంపితే పెట్రోలు ఎవరిస్తారు? "కోట నుంచి మాట్లాడతన్నా" అంటే అది ఊరు అని తెలుసా దానికి? ఫోన్ నంబరు ఒకాయన "తొంభై నాలుగు, నలభై, డబుల్ త్రీ" అంటాడు, "డెబ్బయారు" అంటాడు, తెలుగూ ఇంగ్లీషూ ఒకే నంబరులో కలిపేస్తాడు. "రేపు పొద్దున కాదు, ఎల్లుండి యాళకి" అంటే తారీకు కరెక్టుగా వేసుకుందా? పది కాల్స్‌లో మూడు తప్పు పోతే ఆర్డర్లు రాసుకునే పని దానికి ఇవ్వొద్దు, పేరు, నంబరు అడిగి "మావాళ్ళు చేస్తారు" అని చెప్పే పని వరకే ఇవ్వండి. మా ట్రయల్‌లో ఏరేటర్ అన్న ప్రతిసారీ ఆపరేటర్ అని విని, "ఆపరేటర్‌కి కలుపుతున్నాను" అని నాకే కలిపింది. ఒక రకంగా అదే మంచిపని చేసింది.

ఇంకో ముఖ్యమైన సంగతి, బాట్ నోట్లో రేట్లు, గ్యారంటీలు, రిటర్న్ మాటలు పెట్టొద్దు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ డబ్బు వాపసు గురించి తప్పు చెప్పింది, 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ మాటకి కంపెనీదే బాధ్యత అని డబ్బు కట్టించింది. బాట్ వేరే, మేము వేరే అన్న వాదన చెల్లలేదు. మన రైతు ట్రిబ్యునల్ దాకా పోడు, షాపు ముందుకి వచ్చి "నీ ఫోన్లోనే చెప్పినావు" అంటాడు, అదింకా కష్టం. తనకి తెలియనిదానికి "నాకు తెలియదు, మనిషికి కలుపుతా" అనే బాట్ అయితేనే మాట్లాడండి. అది మిషన్ అని కాల్ మొదట్లోనే చెప్పించండి కూడా, మనిషనుకుని పది నిమిషాలు కష్టం చెప్పుకున్నాక మిషన్ అని తెలిస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

మనిషిని పెడితే

మనిషిని పెట్టడం అంటే కౌంటర్ దగ్గర కుర్రాడి చేతిలో ఫోన్ పెట్టడం కాదు. ఎదురుగా ముగ్గురు సామాను అడుగుతుంటే వాడు ఫోన్ ఎత్తి "సార్ లేరు" అని పెట్టేస్తాడు. వాడి తప్పు కాదు, సార్ లేకపోతే ఏం చెప్పాలో సార్ చెప్పలేదు కాబట్టి. ఇందాక రెండో కుప్ప అన్నా కదా, దానికి కావాల్సింది అధికారం. ఎంతవరకు రేటు తగ్గించొచ్చు, ఎవరికి అప్పు ఇవ్వొచ్చు, ఎవరికి బాకీ తీరేదాకా ఇవ్వకూడదు, ఏ విషయానికి నన్ను నిద్రలేపొచ్చు, ఇవి ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన గోడకి అంటించండి. ఇది లేకుండా పెట్టిన మనిషి మిషన్‌తో సమానం, ఇంకా చెప్పాలంటే మిషన్ కంటే ఖరీదైన మిషన్. ఆ అధికారం ఉన్న మనిషికి పాత పార్టీ ఫోన్ చేస్తే "బాగున్నారా అన్నా, పిలకాయలు బాగుండారా" అనే చనువు ఉంటుంది, మా వ్యాపారంలో సగం బేరం ఆ మాట దగ్గరే తెగుతుంది.

జీతం లెక్క ఇట్లా వేయండి. నెలకి 12 వేలు ఇస్తున్నారనుకుందాం, మీ నోటుబుక్కు ప్రకారం రెండో, మూడో కుప్ప కాల్స్ నెలకి 600 అనుకుందాం, అంటే కాల్‌కి 20 రూపాయలు. ఒక గేర్‌బాక్స్ అమ్మితే మీకు మిగిలేదెంత, 20 రూపాయల కాల్స్ ఎన్నింటికి ఒక అమ్మకం అవుతుంది, అది చూసుకుంటే జవాబు తేలిపోతుంది. మొదటి కుప్పని కూడా ఆ మనిషి మీదే వేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చుని మీ పేరుతో ఫోన్ ఎత్తే సర్వీసులు కూడా ఉన్నాయి, టైమింగులూ మెసేజ్‌లూ వరకు పర్లేదు, సింగిల్ ఫేజింగ్ (కరెంటులో ఒక ఫేజ్ పోవడం) అంటే ఏంటో తెలియని మనిషి మా రైతుతో ఏం మాట్లాడతాడు? మీ వ్యాపారంలో అలాంటి మాటలు లేకపోతే చూడొచ్చు.

ఫోన్ ఎత్తే మనిషికి నేర్పాల్సినవి రెండే. ఒకటి, నంబరు రాసుకుని తిరిగి చదివి వినిపించడం. రెండోది, "చూసి చెప్తా" అంటే ఎన్నింటికి చెప్తాడో చెప్పడం, ఆ టైంకి జవాబు దొరక్కపోయినా ఫోన్ చేసి "ఇంకా దొరకలేదన్నా" అని చెప్పడం. నేర్పడానికి తేలిక, పాటించేట్టు చేయడం మాత్రం సంవత్సరం పని.

చివరికి మేము కుదుర్చుకున్నది

పగలు ముందు మనిషే. నాలుగు రింగుల్లో ఎత్తకపోతే రెండో ఫోన్‌కి, అక్కడా ఎత్తకపోతే మిషన్‌కి పోతుంది, అది నంబరు పట్టుకుని మాకు మెసేజ్ పంపుతుంది, అరగంట లోపు మేము తిరిగి చేస్తాం. రాత్రి తొమ్మిది తర్వాత మిషనే ముందు ఎత్తుతుంది, ఒకటి నొక్కితే ఆ వారం డ్యూటీలో ఉన్న మెకానిక్‌కి పోతుంది, ఏమీ నొక్కకపోయినా ఆయనకే పోతుంది, ఆయన ఎత్తకపోతే నాకు. పొద్దున చేస్తే సరిపోయేవాళ్ళు పేరు చెప్పి పెట్టేయడానికి రెండు నొక్కుతారు. ఈ రెండు నొక్కేది ఉండటం వల్లే మెకానిక్ నిద్ర కొంతైనా మిగిలింది. రాత్రి డ్యూటీకి వేరే డబ్బు ఇవ్వాలి, మర్నాడు ఆలస్యంగా రానివ్వాలి, లేకపోతే రెండో నెలకి ఆయన ఫోన్ స్విచాఫ్ వస్తుంది. బాట్ ఇంకా పెట్టలేదు, ఆరు నెలలకోసారి ట్రయల్ చూస్తున్నా, తెలుగు మెరుగవుతున్న మాట నిజమే.

కాల్స్ రికార్డ్ చేస్తుంటే మొదట్లోనే ఆ మాట చెప్పించండి. వచ్చిన నంబర్లన్నీ పోగేసి వాటికి ఆఫర్ల కాల్స్ కొట్టిస్తామని కంపెనీ వాడు ఆశ పెడితే ఒప్పుకోవద్దు, ప్రచారం కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు, రిజిస్ట్రేషన్, ఆ రూల్స్ వేరే ఉన్నాయి, జనం ఇలాంటి కాల్స్ మీద కంప్లయింట్లు తీసుకునే 1909కి కంప్లయింట్ ఇస్తే మీ షాపు నంబరుకే ఎసరు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం ఎందుకోసం తీసుకున్న నంబరుని అందుకే వాడాలి.

ఏది పెట్టినా నెలకోసారి మీ నంబరుకి మీరే ఫోన్ చేయండి, మీ పేరు కనపడని వేరే నంబరు నుంచి, అలారం పెట్టుకుని తెల్లవారుజామున. నేను పోయిన నెల మా ఆవిడ ఫోన్ నుంచి చేశా. ఒకటి నొక్కాను, ఐదు రింగులకి మెకానిక్ ఎత్తి, నిద్ర గొంతుతోనే "యా ఊరన్నా, ఫేజ్ చూసినారా?" అన్నాడు. నేనే అని చెప్పేసరికి ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.